కొలాట్జ్ ఊహకు రుజువు రాశానంటున్న విద్యార్థి: ఎవరికి చూపాలి, ఈ బహుమతుల నిబంధనలు న్యాయమైనవేనా?

గణితోపాధ్యాయుడు
నేను డిగ్రీ విద్యార్థులకు గణితం చెబుతాను. మా రెండవ సంవత్సరం విద్యార్థి ఒకడు కొలాట్జ్ ఊహకు రుజువు దొరికిందని నమ్మి, ఎంతో శ్రమపడి ఒక వ్యాసం రాశాడు. సమస్య అందరికీ తెలిసినదే: ఏదైనా ధన పూర్ణసంఖ్యను తీసుకుని, అది సరిసంఖ్య అయితే సగం చేయాలి, బేసిసంఖ్య అయితే మూడింతలు చేసి ఒకటి కలపాలి, ఇలా చేస్తూ పోతే ఎక్కడ మొదలుపెట్టినా చివరకు 1 దగ్గరికి చేరుతామన్నది ఊహ. వ్యాసాన్ని ఒక పత్రికకు పంపితే, సమీక్షకుల దాకా వెళ్ళనివ్వకుండానే రెండు వాక్యాల జవాబుతో తిప్పి పంపారు. ఒక్కొక్క సమస్యకు పది లక్షల డాలర్లు ప్రకటించిన క్లే గణిత సంస్థ సైతం రుజువులను నేరుగా స్వీకరించదని నిబంధనలలో చదివాను. బహుమతిని లోకమంతటికీ చాటి, తలుపు మాత్రం తెరవకపోవడం ఏమి న్యాయమో నాకు అర్థం కావడం లేదు. ఆ కుర్రవాడికి నేనేమని చెప్పాలి?

అవధి
ముందుగా ఒక్క విషయం స్పష్టం చేసుకుందాం. కొలాట్జ్ ఊహ క్లే సంస్థ జాబితాలో లేదు. ఆ సంస్థ 2000 మే 24న పారిస్‌లో ప్రకటించిన ఏడు సమస్యలు ఇవి: రీమన్ పరికల్పన, పి-ఎన్‌పి సమస్య, హాడ్జ్ ఊహ, బర్చ్-స్విన్నర్టన్-డయర్ ఊహ, నేవియర్-స్టోక్స్ సమీకరణాలు, యాంగ్-మిల్స్ సిద్ధాంతం, పాంకారే ఊహ. వీటిలో తేలింది పాంకారే ఒక్కటే. నిబంధనల ప్రకారం రుజువు సమీక్షకులున్న పత్రికలో అచ్చయి ఉండాలి, ఆ తరువాత కనీసం రెండేళ్ళు గడవాలి, గణిత లోకం దానిని సాధారణంగా అంగీకరించి ఉండాలి. అప్పుడే సంస్థ పరిశీలన మొదలుపెడుతుంది. అంటే తలుపు లేకపోలేదు, అది పత్రిక దగ్గర ఉంది.

త్రిజ్య
ఆ తలుపు దగ్గరే కదా ఈ విద్యార్థిని ఆపేశారు! పైగా పాంకారే ఊహను సాధించిన పెరెల్మాన్ తన రుజువును ఏ పత్రికకూ పంపలేదు. ఆయన విషయంలో సడలిన నిబంధన మిగిలినవారి విషయంలో ఎందుకు సడలదు?

అవధి
త్రిజ్య గారూ, నిబంధన సడలినట్లు కనిపించినా జరిగింది వేరు. పెరెల్మాన్ 2002 నవంబరు నుండి 2003 జూలై మధ్య మూడు వ్యాసాలను, అచ్చుకాని వ్యాసాలను అందరికీ అందుబాటులో ఉంచే వెబ్‌సైటు అయిన ఆర్కైవ్‌లో ఉంచి ఊరుకున్నారు. ఆ తరువాత కొన్నేళ్ళపాటు వేర్వేరు బృందాలు వాటిని వాక్యం వెంట వాక్యం చదివి, ఆయన క్లుప్తంగా దాటివేసిన చోట్లను పూరించి, వందల పుటల వివరణలను ప్రచురించాయి. ఆ పరిశీలన పూర్తయ్యాకనే 2010 మార్చిలో బహుమతి ప్రకటించారు. ఆయన దానిని నిరాకరించారు. ఆ రుజువుకు పునాది అయిన రిచ్చి ప్రవాహమనే మార్గాన్ని 1982లో మొదలుపెట్టిన హామిల్టన్ కృషి తన కృషికి ఏమాత్రం తీసిపోదని, నిర్ణయం అన్యాయమని ఆయన అన్నారు. ఆ సొమ్ముతో తరువాత పారిస్‌లోని పాంకారే సంస్థలో యువ గణితజ్ఞుల కోసం ఒక పదవిని ఏర్పాటు చేశారు.

లెమ్మా
బహుమతుల సంగతి తరువాత మాట్లాడుకుందాం. గణితోపాధ్యాయుడు గారూ, ఆ రుజువులోని కీలకమైన మెట్టు ఏమిటో నాలుగు వాక్యాలలో చెప్పగలరా?

గణితోపాధ్యాయుడు
చెబుతాను. బేసిసంఖ్యను మూడింతలు చేసి ఒకటి కలిపితే తప్పక సరిసంఖ్యే వస్తుంది కాబట్టి, ఒక్కసారైనా సగం చేయక తప్పదు. అలా వచ్చినది సగం సందర్భాలలో మళ్ళీ సరిసంఖ్యే అవుతుంది, అందులోనూ సగం సందర్భాలలో మరొకసారి సగమవుతుంది. ఈ లెక్కన ఒక బేసిసంఖ్య నుండి తరువాతి బేసిసంఖ్యకు చేరేలోపు సగటున రెండుసార్లు సగం చేస్తాం. అంటే ప్రతి విడతలోనూ సంఖ్య సుమారు నాలుగింట మూడు వంతులకు తగ్గుతుంది. తగ్గుతూ పోయే ధన పూర్ణసంఖ్య చివరకు 1కి చేరక తప్పదు. మిగిలిన పుటలన్నీ ఈ సగటును జాగ్రత్తగా స్థాపించడానికే వెచ్చించాడు.

లెమ్మా
ఈ ఆలోచనలో అసహ్యించుకోవలసినది ఏమీ లేదు. ఊహ నిజమై ఉంటుందని గణితజ్ఞులు నమ్మడానికి ముఖ్యమైన ఆధారం ఇదే. అయితే ఇది నమ్మకానికి ఆధారమే గాని రుజువు కాదు. ఎందుకో ఒక పరీక్ష ద్వారా చూపుతాను, దయచేసి విద్యార్థి చేతనే చేయించండి.

ఒకటి కలపడానికి బదులు ఒకటి తీసివేయమనండి. అంటే బేసిసంఖ్యను మూడింతలు చేసి ఒకటి తగ్గించాలి, సరిసంఖ్యను మునుపటిలాగే సగం చేయాలి. ఇప్పుడూ బేసిసంఖ్య నుండి తప్పక సరిసంఖ్యే వస్తుంది, ఇప్పుడూ సగటున రెండుసార్లు సగమవుతుంది, ఇప్పుడూ నాలుగింట మూడు వంతులే వస్తుంది. మీ విద్యార్థి వ్యాసంలోని కూడికను తీసివేతగా మార్చి తిరిగి రాస్తే ఒక్క మెట్టు కూడా చెడదు. కానీ 5తో మొదలుపెట్టండి: 5 నుండి 14, 14 నుండి 7, 7 నుండి 20, 20 నుండి 10, 10 నుండి తిరిగి 5. ఆ చక్రంలో ఒకటి ఎన్నటికీ రాదు.

అంటే ఆ వాదన, తప్పని మనకు తెలిసిన మాటను కూడా రుజువు చేస్తోంది. అలాంటి వాదన దేనినీ రుజువు చేయదు. కొలాట్జ్ ఊహకు నిజమైన రుజువు వస్తే, అది ఒకటి కలపడానికీ తీసివేయడానికీ మధ్యనున్న తేడాను ఎక్కడో ఒకచోట గట్టిగా వాడుకుని తీరాలి. సంపాదకులు అలాంటి వ్యాసాలను సమీక్షకు పంపకుండానే తిప్పి పంపుతున్నారంటే, ఈ సగటు వాదనను వారు ఎన్నోసార్లు చూసి ఉంటారన్నమాట. అయినా ఆ రెండు వాక్యాల జవాబులో ఈ 5 సంగతి ఒక్కటి రాసి ఉంటే ఆ కుర్రవాడికి ఎంతో మేలు జరిగేదని నేనూ అంటాను.

శేషం_సున్న
లెమ్మా గారు చెప్పిన తీసివేత నియమంతో 17ను ప్రయత్నించాను. అది 50, 25, 74, 37 మీదుగా 272 దాకా ఎక్కి, అక్కడి నుండి 136, 68, 34 మీదుగా మళ్ళీ 17కే వచ్చింది. ఇది మరో చక్రం!

త్రిజ్య
ఆ పరీక్ష బాగుంది, ఒప్పుకుంటాను. కానీ అసలు నియమంతో 2020 నాటికే 2 ఘాతం 68 దాకా ఉన్న సంఖ్యలన్నింటినీ కంప్యూటర్లతో సరిచూశారు కదా. అన్నీ 1కే చేరాయి. ఇంత సాక్ష్యం ఉన్నా ఇంకా రుజువు కావాలని పట్టుబట్టడం అతి కాదా?

ప్రాచీన_సూత్రం
కాదు. 1919లో పోల్యా ఒక ఊహ చేశారు. ఒక సంఖ్యను ప్రధాన సంఖ్యల లబ్ధంగా విడదీసి, మళ్ళీ మళ్ళీ వచ్చే కారణాంకాలను కూడా లెక్కలోకి తీసుకుంటే, ఆ కారణాంకాల సంఖ్య సరి కావచ్చు, బేసి కావచ్చు. 1 కంటె పెద్దదైన ఏ సంఖ్య దాకా చూసినా బేసి జాతివి కనీసం సగం ఉంటాయన్నది ఆయన ఊహ. చేతి లెక్క ఎంతదూరం సాగినా అది నిజమే అనిపిస్తుంది. 1958లో అది తప్పని రుజువైంది. ఊహ మొట్టమొదట విఫలమయ్యే సంఖ్య 90,61,50,257 అని 1980లో తేలింది. తొంభై కోట్ల దాకా ఒక్క పొల్లు కూడా లేకుండా నిలిచిన మాట అది. 2 ఘాతం 68 మనకు పెద్దదే, కానీ సంఖ్యలకు అంతు లేదు.

నిరంతరం
నా ఆందోళన వేరు. ఈ డబ్బు బహుమతులే ఇలాంటి నిరాశలకు మూలమని నా అభిప్రాయం. ఫెర్మా చివరి సిద్ధాంతానికి వోల్ఫ్‌స్కేల్ అనే ఆయన వీలునామాలో రాసిన 1,00,000 మార్కుల బహుమతిని 1908లో గొట్టింగెన్‌లో ప్రకటించారు. మొదటి ఏడాదిలోనే 621 రుజువులు వచ్చిపడ్డాయి, అన్నీ తప్పులే. వాటికి జవాబివ్వవలసి వచ్చిన అక్కడి గణితాచార్యుడు లాండావ్, మొదటి తప్పు ఏ పుటలో ఏ పంక్తిలో ఉందో రాయడానికి ఖాళీలు వదిలిన కార్డులను అచ్చు వేయించి, ఆ ఖాళీలు నింపే పనిని తన విద్యార్థులకు అప్పగించేవారు. ఎంతమంది జీవితకాలం వృథా అయి ఉంటుందో ఆలోచించండి. చివరకు 1997లో వైల్స్ ఆ బహుమతి అందుకునేనాటికి ద్రవ్యోల్బణం దానిని కరిగించి సుమారు 50,000 డాలర్ల విలువకు దించింది. వైల్స్ ఆ సమస్యను పట్టుకున్నది చిన్ననాటి మోహంతో గాని ఆ డబ్బు కోసం కాదు.

సంఖ్యారేఖ
నిరంతరం గారితో నేను ఏకీభవించలేను. పెద్ద మొత్తాలను ఒక్కటే చూసి బహుమతులన్నింటినీ తీసిపారేయడం సరికాదు. గణితజ్ఞుడు పాల్ ఎర్డోష్ తన జీవితమంతా చిన్న చిన్న బహుమతులు ప్రకటిస్తూనే ఉన్నారు. ఆయన పెట్టే మొత్తాన్ని చూసి ఆ సమస్య ఎంత కఠినమైనదో జనం అంచనా వేసుకునేవారు. సమశ్రేఢుల గురించిన ఊహకు ఆయన 1,000 డాలర్లు పెడితే, సెమెరెడి 1975లో ఆ రుజువు సాధించి అందుకున్నారు. ఆ రుజువులో పుట్టిన పద్ధతులు ఎన్ని రంగాలకు పాకాయో లెక్క లేదు. ఇదే కొలాట్జ్ ఊహకు ఆయన 500 డాలర్లు ప్రకటించారు, ఇలాంటి సమస్యలకు గణితం ఇంకా సిద్ధంగా లేదని కూడా అన్నారు. ఆయన చెక్కును బ్యాంకులో వేయకుండా చట్రం కట్టించి గోడకు తగిలించుకున్నవారు ఉన్నారు.

అంతకన్నా ముచ్చటైనది మరొకటి ఉంది. 1936లో ల్వోవ్ నగరంలో పోలిష్ గణితజ్ఞుడు మజూర్ ఒక సమస్యను గణితజ్ఞులు కలిసి సమస్యలు రాసుకునే పుస్తకంలో రాసి, పరిష్కరించినవారికి బతికున్న పెద్దబాతును ఇస్తానని మాట ఇచ్చారు. మధ్యలో యుద్ధం వచ్చింది, దేశ సరిహద్దులే మారిపోయాయి, కానీ సమస్యా మాటా నిలిచే ఉన్నాయి. 1972లో స్వీడన్‌కు చెందిన పెర్ ఎన్‌ఫ్లో దానిని ఛేదించగా, మజూర్ వార్సాలో బుట్టలో పెట్టిన బాతును ఆయన చేతికి అందించారు. ఆ ఛాయాచిత్రంలో ఇద్దరి ముఖాలలోని సంతోషం చూస్తే బహుమతి ఎందుకు పెడతారో తెలుస్తుంది.

శేషం_సున్న
బాతును ఇంటికి తీసుకువెళ్ళిన గణితజ్ఞుడి సంగతి విన్నాక, పది లక్షల డాలర్ల చెక్కు చప్పగా అనిపిస్తోంది.

నిరంతరం
ఎర్డోష్ బహుమతుల విషయంలో సంఖ్యారేఖ గారి మాట అంగీకరిస్తాను. కానీ అవి పనిలో ఉన్నవారి మధ్య నడిచిన స్నేహపూర్వకమైన పందాలు. పది లక్షల డాలర్ల ప్రకటన వార్తాపత్రికల శీర్షికలకు ఎక్కుతుంది, రీమన్ పరికల్పనను సాధించామనే వార్తలు తరచుగా రావడానికి అదే కారణం. ఆ వార్త వచ్చినంత పెద్దగా దాని ఖండన ఎన్నడూ రాదు. కొలాట్జ్‌కు కూడా 2021లో ఒక జపాన్ సంస్థ 12 కోట్ల యెన్‌లు ప్రకటించింది. మీ విద్యార్థి దానిని చూసే మొదలుపెట్టాడేమో అడగండి.

గణితోపాధ్యాయుడు
అడగనక్కరలేదు, అతడు చూసినది అదే. కానీ ఆ ప్రకటన లేకపోతే అతడు మొత్తం వేసవి సెలవులను సంఖ్యలతో గడిపేవాడు కాదు కాబట్టి, నేను దానిని తప్పుపట్టలేను.

త్రిజ్య
నా మొదటి ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. పెద్ద విశ్వవిద్యాలయం పేరు లేనివాడు రాసినది ఎవరైనా చదువుతారా?

అవధి
చదువుతారు, చదివారు కూడా. 2002 ఆగస్టులో ఐఐటీ కాన్పూర్‌కు చెందిన మణీంద్ర అగ్రవాల్, అప్పుడే బీటెక్ ముగించిన నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కలిసి, ఒక సంఖ్య ప్రధాన సంఖ్యో కాదో బహుపది కాలంలో, అంటే అంకెలు పెరిగినా లెక్క హద్దు మీరి పెరగకుండా, నిర్ణయించే పద్ధతిని బయటపెట్టారు. ఎన్నో ఏళ్ళుగా నిపుణులు వెతుకుతున్నది అది. వ్యాసం చిన్నది, వాడిన గణితం ఎక్కువగా డిగ్రీ స్థాయిదే. అది కొద్ది రోజుల్లోనే సరైనదని తేలిపోయింది. యిటాంగ్ జాంగ్ సంగతి కూడా అంతే. 2013లో ఆయన పెద్దగా పేరు లేని అధ్యాపకుడు. 7 కోట్లకు మించని తేడాతో అనంతంగా ప్రధాన సంఖ్యల జంటలు ఉన్నాయని రాసిన వ్యాసాన్ని అత్యంత కఠినమైన పత్రిక కొన్ని వారాలలోనే అంగీకరించింది. ఆ 7 కోట్లు తరువాత ఇతరుల కృషితో 246కు దిగింది.

త్రిజ్య
వారు పేరు లేనివారే కావచ్చు, కానీ శిక్షణ ఉన్నవారు. జాంగ్‌కు డాక్టరేట్ ఉంది, మిగతావారి వెనుక ఐఐటీ ఉంది. బయటివాడి సంగతి అడుగుతున్నాను.

సంఖ్యారేఖ
అయితే డేవిడ్ స్మిత్‌ను చూడండి. అచ్చు పనిలో ఉండి విశ్రాంతి తీసుకుంటున్న ఆయన, కాగితం ముక్కలు కత్తిరించి అమర్చి చూస్తూ, తలాన్ని ఎన్నడూ పునరావృతం కాని రీతిలో మాత్రమే కప్పగల ఒకే ఒక ఆకారాన్ని కనుగొన్నారు. ముగ్గురు నిపుణులు ఆయనతో చేయి కలిపి 2023లో రుజువును వెలువరించారు. జీవశాస్త్రంలో పేరున్న ఆబ్రే డి గ్రే 2018లో, సరిగ్గా ఒక యూనిట్ దూరంలో ఉన్న ఏ రెండు బిందువులకూ ఒకే రంగు రాకుండా తలానికి రంగులు వేయాలంటే కనీసం 5 రంగులు కావాలని చూపారు. 1950 నుండి ఆ కింది హద్దు 4 దగ్గరే ఉండిపోయింది. ఆయన చూపినది 1,581 బిందువుల చిత్రం, దానిని ఎవరైనా కంప్యూటర్‌లో సరిచూసుకోవచ్చు.

ఈ రెండింటిలోనూ ఒక పోలిక ఉంది. బయటివారు తెచ్చినది చేతికి అందే వస్తువు: ఒక ఆకారం, ఒక చిత్రం. దానిని పరీక్షించడానికి రచయిత ఎవరో తెలియనక్కరలేదు. అన్ని సంఖ్యలకూ వర్తించే వాదన తెచ్చినవారి విషయంలో చదివేవాడు ప్రతి మెట్టునూ తానే నడవాలి, అందుకు నెలలు పడుతుంది. తలుపు వేసి ఉన్నట్లు అనిపించడానికి కారణం ఆ శ్రమేనని నేననుకుంటాను, పేరు మీద వివక్ష కాదు.

శేషం_సున్న
అలాగైతే ఆ శ్రమను యంత్రానికి అప్పగించవచ్చు కదా. లీన్ వంటి రుజువు పరిశీలక భాషలో రాస్తే ఎవరి దయా అవసరం ఉండదు.

లెమ్మా
చాలా మంచి సూచన, దానికి పూర్వోదాహరణ కూడా ఉంది. గోళాలను అత్యంత దట్టంగా పేర్చే విధానం గురించిన కెప్లర్ ఊహకు హేల్స్ 1998లో రుజువు ఇస్తే, సమీక్షకులు ఏళ్ళ తరబడి చదివి 99 శాతం నమ్మకమని చెప్పి ఆగిపోయారు. ఆయన ఒక బృందాన్ని కూర్చుకుని 2014 నాటికి మొత్తం రుజువును యంత్రం చేత సరిచూయించారు. ఇందుకు విరుద్ధమైన ఉదాహరణ సంఖ్యా సిద్ధాంతంలోని ఏబీసీ ఊహ. మొచిజుకి 2012లో బయటపెట్టిన రుజువులో పూరించలేని ఖాళీ ఉందని 2018లో షోల్జె, స్టిక్స్ చెప్పారు. అయినా 2021లో ఆ వ్యాసాలు ఆయనే ప్రధాన సంపాదకుడుగా ఉన్న పత్రికలో అచ్చయ్యాయి. ఎక్కువమంది నిపుణులు నేటికీ దానిని అంగీకరించలేదు. అచ్చు కావడం ఒక్కటే చాలదని, అంగీకారం కూడా ఉండాలని క్లే సంస్థ ఎందుకు పట్టుబట్టిందో దీనిని బట్టి తెలుస్తుంది.

లీన్‌తో మీ విద్యార్థికి మరో ప్రయోజనం కూడా ఉంది. "సగటున రెండుసార్లు" అన్న మాటను అందులో రాయబోతే, ఏ సమూహం మీద సగటు అని వెంటనే తేల్చవలసి వస్తుంది. సంఖ్యలన్నింటి మీద తీసిన సగటు, ఒక్క సంఖ్య నడిచే దారి మీద సగటుకు సమానమని అతడు ఎక్కడా చూపలేదు, చూపడం ఎవరికీ సాధ్యం కాలేదు. 27ను చూడండి. అది 1కి చేరడానికి 111 మెట్లు తీసుకుంటుంది, దారిలో 9,232 దాకా ఎక్కుతుంది. 2019లో గణితజ్ఞుడు టెరెన్స్ టావ్ ఈ ఊహపై సాధించిన ఫలితం కూడా, ఒక నిర్దిష్టమైన కొలతలో "దాదాపు అన్ని" సంఖ్యల గురించే మాట్లాడుతుంది. ఆ "దాదాపు"ను తొలగించడమే అసలు సమస్య.

నిరంతరం
వైల్స్ వంటివాడి రుజువులోనే 1993లో సమీక్ష సమయాన ఖాళీ బయటపడి, టేలర్ సహాయంతో దానిని పూడ్చడానికి 1994 సెప్టెంబరు దాకా పట్టింది. ఆ ఖాళీని పట్టినది సమీక్షకుడే. కాబట్టి సమీక్ష గడపను తగ్గించమని నేనూ అడగను. నేను అడిగేది ఒక్కటే, తిప్పి పంపేటప్పుడు కారణం చెప్పాలి.

త్రిజ్య
ఆ మాటకు నా సంపూర్ణ మద్దతు.

గణితోపాధ్యాయుడు
నిన్న అతడిని కూర్చోబెట్టి 5తో మొదలయ్యే తీసివేత చక్రాన్ని ఏమీ చెప్పకుండా నల్లబల్ల మీద వేయించాను. మూడోసారి 5 రాసినప్పుడు తానే ఆగి, తన వ్యాసం తెరిచి, సరి, బేసి సంఖ్యలు సమానంగా వస్తాయని రాసుకున్న వాక్యం కింద గీత గీశాడు. ఆ తరువాత నిరుత్సాహపడతాడనుకుంటే, మూడింతలకు బదులు ఐదింతలు చేసి ఒకటి కలిపితే ఏమవుతుందని అడిగి, సాయంత్రానికల్లా 13 మళ్ళీ 13కే వస్తోందని లెక్క వేసి తెచ్చాడు. 7 మాత్రం పెరుగుతూనే పోతోందట. దాని గురించి ఏమైనా తెలిసిందా? పత్రికకు తిరిగి పంపే ఆలోచన ప్రస్తుతానికి మానుకున్నాడు.

లెమ్మా
13 చక్రం సరైనదే: 66, 33, 166, 83, 416 మీదుగా సగాలు చేసుకుంటూ వెనక్కి వస్తుంది. ఐదింతల నియమంలో సగటు నాలుగింట ఐదు వంతులు అవుతుంది కాబట్టి చాలా సంఖ్యలు అనంతంగా పెరుగుతాయని అందరూ నమ్ముతారు. 7 కూడా అలాంటిదేనని అంచనా. కానీ ఈ నియమంలో ఏదైనా సంఖ్య ఎన్నటికీ తిరిగి రాకుండా పెరుగుతూనే పోతుందని ఇంతవరకు ఎవరూ రుజువు చేయలేదు, 7 ఒక్కదానికి కూడా. దానికి ఎవరూ బహుమతి ప్రకటించినట్లు లేదు. అతడికి ఆసక్తి ఉంటే ముందుగా తీసివేత నియమంలోని చక్రాలను వర్గీకరించడం మీద వచ్చిన వ్యాసాలు చదవమనండి, ఒక చక్రంలో ఎన్ని బేసిసంఖ్యలు ఉండవచ్చో హద్దులు కట్టే పద్ధతి అతడి స్థాయికి అందుతుంది. సందేహాలుంటే ఇక్కడే అడగమనండి, నేను చూస్తుంటాను.